పాలిష్: పూసేదా, తీసేసేదా?

ఈసారి మనం రోజూ వాడే ఒక ఇంగ్లీషు మాట గురించి చెప్పుకుందాం.

పాలిష్ అనే మాటకు మూలం లాటిన్. నునుపు చేయడం అని అర్థం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. తర్వాత మనుషుల నడవడికకూ వాడారు. మర్యాద తెలిసినవాణ్ణి పాలిష్డ్ మనిషి అన్నారు.

మన పెద్దలకు పనికో మాట ఉండేది. నగకు మెరుగు పెట్టేవారు, కత్తిని సానపట్టేవారు, ఇత్తడి బిందెను చింతపండుతో తోమేవారు, వడ్లను దంచేవారు. ఇప్పుడు బూటుకూ పాలిష్, బండలకూ పాలిష్, బియ్యానికీ పాలిషే. కానీ బూటుకు పాలిష్ పూస్తాం. బియ్యానికి పాలిష్ పట్టడమంటే పైన ఉన్న తవుడును తీసేయడం. మాట ఒక్కటే కావడంతో ఆ తేడా మరుగున పడింది.

ఆ తేడా ప్రాణాల మీదికి తెచ్చింది. 1890లలో జావాలో క్రిస్టియాన్ ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిష్ బియ్యం తిన్న కోళ్ల కాళ్లు పడిపోవడం, తవుడు పెడితే అవి కోలుకోవడం గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తవుడుతో పాటు పోయేది బి1 విటమిన్ అని, అది లేకే బెరిబెరి వస్తుందని తర్వాత తేలింది.

మన దేశంలో ఆ జబ్బు ముఖ్యంగా కనిపించింది ఉత్తర సర్కారులలోనే. నేడు ఒడిశాలో ఉన్న గంజాం కూడా అప్పట్లో అందులోదే. అక్కడ మరపట్టిన పచ్చిబియ్యం తినేవారు. తమిళనాట పుళుంగల్ అరిసి, అంటే మన ఉప్పుడు బియ్యం, వాడకం ఎక్కువ. వడ్లను ఉడికించేటప్పుడు తవుడులోని విటమిన్ కొంత గింజలోకి దిగుతుంది. అందుకే మరపట్టినా అదంతా పోదు. పొరుగువారి వంటింటి అలవాటు ఆ నేలపై స్థిరపడిన మనవాళ్లలో చాలామందికీ మేలు చేసింది.

తెల్లటి బియ్యాన్ని మంచి బియ్యమని మన పిల్లలు అనుకోవడంలో వింత లేదు. పాలిష్ అనే మాట మెరుపునే చెబుతుంది, పోయినదాన్ని చెప్పదు. తవుడు, దంపుడు బియ్యం, ముడిబియ్యం అనే మాటలు ఇంట్లో వినబడితే ఆ సంగతి వాళ్లకూ తెలుస్తుంది.

మీ ఊళ్లో, మీ ఇంటి తెలుగులో వీటిని ఏమంటారో కింద రాయండి. పెద్దవాళ్లను అడిగి మరీ రాయండి.