తోట తుపాకి: కొలిమి నుంచి కార్బైడు దాకా

మా తాతయ్య తన తుపాకి ఎప్పుడూ తనే తుడుచుకునేవాడు. ఒక్కసారి కూడా తనే బాగుచేసుకోలేదు. మోటారు ఆగితే విప్పేవాడు, బండి ఇరుసు తనే బిగించేవాడు, గడియారం ఆగినా మూత తీసి ఊదేవాడు. తుపాకి దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులు కట్టుకుని ఆచారిగారి కోసం కబురంపేవాడు. ఈ గీత ఎవరు గీశారా అని వెతుక్కుంటూ పోతే నూజివీడు మామిడి తోపుల్లోంచి రాయచూరు కోట దాకా వెనక్కి నడవాల్సి వచ్చింది.

ఆగిరిపల్లి దారిలో మా తోట. బంగినపల్లి ఎక్కువ, గట్ల మీద కలెక్టరు కాయ, బావి పక్కన నాలుగు చిన్నరసాలు. కాపలా గుడిసెలో నిట్రాటకు వేలాడే తుపాకి ఒంటి గొట్టానిది. గొట్టం నోట్లోంచి మందు పోసి, పేలిక కుక్కి, రవ్వలు పోసి, మళ్ళీ పేలిక కుక్కి, చువ్వతో దట్టించి, వెనక కేపు తగిలించి, గుర్రం అనే చిన్న సుత్తి దాని మీద పడేలా పేల్చే రకం. కోతులకీ గబ్బిలాలకీ చప్పుడే చాలు కాబట్టి రవ్వలు పోసిన రోజులు తక్కువ. పేల్చిన సాయంత్రమే కడగాలి. తుపాకిమందు కాలగా మిగిలిన మసి గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఒక్క రాత్రి బద్ధకిస్తే తెల్లారేసరికి లోపల ఎర్రగా తుప్పు. తాతయ్య మరిగిన నీళ్ళు గొట్టంలో పోసేవాడు, కింద నుంచి బొగ్గు రంగు నీళ్ళు కారేవి. అవి తేటపడేదాకా పోసి, చువ్వకి పాత పంచె పేలిక చుట్టి లోపల తోమి, ఆరాక నూనె పట్టించేవాడు.

ఒక వేసవి అది మొరాయించింది. ఊళ్ళో కొలిమి పెట్టుకున్న ఆచారిగారి దగ్గరికి నన్నూ తీసుకెళ్ళాడు.

"గుర్రం పడుతోంది గానీ పేలడం లేదండీ ఆచారిగారూ."

"ఉండండి బాబాయిగారూ, ముందు దీని కడుపులో ఏముందో చూడనివ్వండి."

ఆయన దేన్నీ విప్పలేదు. చువ్వని గొట్టంలోకి జారవిడిచి, అంచు దగ్గర బొటనవేలితో గుర్తు పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించాడు. నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది. అంటే అడుగున ఆ నాలుగు వేళ్ళ మేరా మందు కూర్చునే ఉంది. ఎప్పుడు పోశారో ఎవరికీ గుర్తు లేదు. ఆచారిగారు ఒక్క మాటే అడిగారు: "ఇంట్లో చిన్నపిల్లలున్నారా అండీ?" తాతయ్య నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఆ ఆచారిగారికి లైసెన్సు ఉందా లేదా అని అడిగే వయసు కాదు నాది.

తెలుగు నేలకి తుపాకి దగ్గరైన ఘట్టాల్లో బాగా తెలిసింది 1520 నాటి రాయచూరు ముట్టడి. శ్రీకృష్ణదేవరాయల పక్షాన క్రిస్టోవావో డి ఫిగరెడో అనే పోర్చుగీసు వర్తకుడు ఇరవై మంది తుపాకి మనుషులతో నిలబడ్డాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. గోడ మీద తల ఎత్తిన వాణ్ణి ఎత్తినట్టే పడగొట్టారట. మాట తుర్కీ 'తుఫెక్' నుంచి అరువు, తుపాకి ఐపోయింది. ఫ్రెంచివాళ్ళనీ పోర్చుగీసులనీ కలిపి పిలిచిన 'ఫరంగీ' అన్న మాట మన దగ్గర ఏకంగా ఫిరంగి ఐపోయింది. వస్తువు పరాయిది కావచ్చు, ఇనుము మాత్రం మనకి కొత్త కాదు. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఆ పల్లెకే వచ్చి కూర్చునేవారు. ఈస్టిండియా కంపెనీ డాక్టరు హెన్రీ వాయిసీ 1820ల నాటికి కూడా అక్కడ ఆ కొలుముల్ని చూసి రాసిపెట్టాడు. అలాంటి చేతులకి తుపాకి గొట్టం ఓ లెక్కా? ఇనప పట్టీని కడ్డీకి మెలికలుగా చుట్టి, ఎర్రగా కాల్చి, అతుకు కనపడకుండా కొట్టడమే కదా.

మన వైపు మచిలీపట్నం రేవు ఉండనే ఉంది. డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు అక్కడ కోఠీలు పెట్టి సరుకుతో పాటు తుపాకులూ దించారు. 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ ఆ రేవుని ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కున్నాక ఉత్తర సర్కారుల జమీందారులందరికీ గాలి ఎటు వీస్తోందో అర్థమైంది. నూజివీడు జమీందారులైన మేకావారికి కోట, పాళెం, పటాలం అన్నీ ఉండేవి. ఆ శతాబ్దం చివర నారయ్య అప్పారావు కంపెనీతో నేరుగా తలపడ్డాడు. అటు హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. జనం నోట అది తోపుల సాంచా. గన్‌ఫౌండ్రీ అన్న పేరు ఇవాళ్టికీ బస్సు బోర్డుల మీద తిరుగుతోంది, కింద ఏముండేదో అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ.

ఈ రెండు మూడు వందల ఏళ్ళలో తుపాకి సొంతదారు దాన్ని బాగుచేసుకోవడం ఎందుకు నేర్చుకోలేదు? కులవృత్తుల కట్టుబాటు అని చప్పున అనేస్తాం. అది సగం మాట. మిగతా సగం మర మేకులో ఉంది. అప్పటి తుపాకిలో ప్రతి ముక్కనీ ఆకురాయితో రాసి ఆ ఒక్క తుపాకికే సరిపెట్టేవారు. ఒకదాని స్ప్రింగు ఇంకోదానికి పట్టదు, ఒకదాని మేకు పక్కదాని రంధ్రంలో తిరగదు. విరిగిన ముక్క కొనుక్కొచ్చి వేసుకుందామంటే అలాంటి ముక్క లోకంలో ఇంకోటి ఉండదు. కొత్తది కొట్టాలి, రాయాలి, పదును పెట్టాలి. స్ప్రింగుకి పదును ఎక్కువైతే పుటుక్కున విరుగుతుంది, తక్కువైతే వంగి ఊరుకుంటుంది. అది కొలిమి ముందు బాల్యం నుంచి కూర్చున్నవాడి కంటికే తెలుస్తుంది. చెకుముకి రాయి పెట్టి పేల్చే రోజుల్లోనూ, తర్వాత కేపులు వచ్చాకా ఈ సంగతి మారలేదు. రాజుగారైనా సరే ఆచారి ముందు ఆగాల్సిందే.

లోకంలో ఇది మారడం మొదలైంది పారిస్‌లో. 1785లో హొనోరే బ్లాంక్ అనే ఫ్రెంచి పనివాడు యాభై తుపాకి తాళాలు విప్పి ముక్కలు అరల్లో సర్ది చూపించాడు. అప్పుడు అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ ఆ అరల్లోంచి చేతికందిన ముక్కలు తీసి తనే బిగించాడు, అన్నీ సరిపోయాయి. తుపాకి పనివాడు కాని మనిషి తుపాకి తాళం కూర్చాడన్నమాట! 1820ల్లో అమెరికా హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జాన్ హాల్ దీన్ని యంత్రాల మీదికెక్కించాడు. 1850ల్లో ఇంగ్లండు ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ అమెరికా యంత్రాలు తెప్పించుకుంది. ఆ దేశాల్లో రైతు వంటింటి బల్ల మీద తన తుపాకి తనే విప్పి ముక్క మార్చుకునే రోజులకి దారి అలా పడింది.

మనకి ఆ దారి తెరిచే వేళకే తలుపు మూశారు. 1857 తిరుగుబాటు చూసి బెదిరిన దొరలు సిపాయిలకే లోపల గీతలున్న రైఫిల్ గొట్టాలు తీసేసి నున్నటి గొట్టాలిచ్చారు, ఇక రైతుల మాటేమిటి? 1878లో వైస్రాయి లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. దేశభాషా పత్రికల నోరు కట్టేసిన చట్టమూ అదే ఏడాదిది. కలమూ తుపాకీ ఒకే ఏడాది కట్టుబడ్డాయి. కూర్గు కొడవలకి మినహాయింపు దొరికింది, అది ఇవాళ్టికీ సాగుతోంది. మన జమీందారులు మద్రాసు మౌంట్ రోడ్డు మీద కొనుక్కునేవారు. అక్కడి పి. ఓర్ అండ్ సన్స్ గడియారాలతో పాటు తుపాకులూ అమ్మేది. నాకు ఆ జత బాగా నచ్చుతుంది. రెండింటి కడుపులోనూ ఉండేవి స్ప్రింగులూ మర మేకులే కదా.

లైసెన్సు లేని తుపాకి కథ వేరు, అది చాలామంది రాసిందే. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి 26 తుపాకులు, 2,500 తూటాలు ఎత్తుకెళ్ళాడు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో బర్మార్లు, అంటే మా తోట తుపాకి జాతివి, ముందు నడిస్తే ఠాణాల్లోంచి తెచ్చిన రైఫిళ్ళు వెనక వచ్చాయి. మందు ఎండబెట్టుకోవడం, తుప్పు వదిలించుకోవడం తెలియని దళం ఎన్నాళ్ళు నిలబడుతుంది? కానీ అది యుద్ధవిద్య, తోటవిద్య కాదు.

1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. తోటలు రైతుల చేతికి చిక్కాయి, వాటితో పాటు కాపలా బెడదా. స్వతంత్ర ప్రభుత్వం చేసిన 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో రెండు మాటలు మామిడి రైతుకి నేరుగా తగులుతాయి. పదమూడో సెక్షన్ పంట కాపాడుకోవడానికి నోట్లోంచి మందు పోసే తుపాకికి లైసెన్సు ఇమ్మంది. ఐదో సెక్షన్ తయారీ, అమ్మకం, మార్పులతో పాటు 'రిపేరు'నీ సూటిగా పేరు పెట్టి లైసెన్సు కిందికి తెచ్చింది. ఉంచుకోవడానికి ఒక కాగితం, బాగుచెయ్యడానికి ఇంకో కాగితం. మొదటిది రైతుకి దొరుకుతుంది, రెండోది దుకాణదారుకి. తాతయ్య చేతులు కట్టుకున్నది మొహమాటానికో చేతకాకో అనుకున్నాను ఇన్నాళ్ళూ. తుడుచుకోవడం దగ్గర ఆయన విద్య ఆగిపోయేలా చట్టమే గట్టు వేసింది. 2019 సవరణతో ఆ గట్టు ఇంకా ఎత్తు పెరిగింది. లైసెన్సు లేకుండా తయారు చేసినా రిపేరు చేసినా ఏడేళ్ళకి తగ్గని జైలు, యావజ్జీవం దాకా. ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులూ మూడు నుంచి రెండుకి దిగాయి.

ఇది అన్యాయమని నేననను. ఇవాళ స్ప్రింగు మార్చినవాడు రేపు గొట్టం కోసి పొట్టిది చేస్తాడు, ఎల్లుండి కొత్తదే కొడతాడు. ఆ మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. నా ఫిర్యాదల్లా వేరు. సొంతదారు చేయి కట్టేసిన ప్రభుత్వం, చేయి తిరిగిన ఆచారిని లైసెన్సు లోపలికి తెచ్చుకుని నిలబెట్టుకోవాల్సింది. అది జరగలేదు. ఆచారుల పిల్లలు వెల్డింగు షాపులు పెట్టారు, గేట్లూ గ్రిల్లులూ చేశారు, తప్పేముంది? అదే నూజివీడులో పనస కర్రతో వీణలు చేసే చేతులకి పేరు నిలిచింది. కర్రా తీగలూ కూర్చే విద్యకి ఏ సెక్షనూ అడ్డు రాలేదు మరి.

రైతుకి యంత్రం రాదన్న మాట కూడా చెల్లదు. మా ప్రాంతంలో ఆయిల్ ఇంజను పిస్టన్ రింగులు తనే మార్చుకున్నవాళ్ళూ, స్ప్రేయరు వాషర్లు చెప్పుల తోలుతో కత్తిరించి వేసుకున్నవాళ్ళూ కోకొల్లలు. సామాను బజారులో దొరికింది, చట్టం అడ్డుపడలేదు, విద్య దానంతటదే అబ్బింది. తుపాకికి మాత్రం ఎన్నికలొచ్చినప్పుడల్లా ఠాణా దారి. ఒకసారి అలా అప్పగించిన మా తుపాకి మూడు నెలలకి తిరిగొచ్చింది, మెడకి చీటీ, గొట్టం నిండా తుప్పు. తాతయ్య ఏమీ అనలేదు. నీళ్ళు మరగబెట్టమన్నాడు. ఆ పైన 1972 వన్యప్రాణి చట్టం ఒకదాని తర్వాత ఒకటిగా జంతువుల్ని కాపుగాసింది. చప్పుడు చేసే హక్కు తప్ప తుపాకికి పెద్ద పని మిగల్లేదు. ఆయన పోయాక లైసెన్సు కొనసాగించుకునే ఓపిక మా నాన్నకి లేక అప్పగించేశాడు.

కోతులు మాత్రం లైసెన్సు అడగలేదు. వడిసెల తిప్పేవాడు దొరకడు, డబ్బా కొట్టేవాడికి కూలి గిట్టదు. అందుకని తోటల్లోకి ప్లాస్టిక్ పైపు తుపాకి దిగింది. కార్బైడుకి నీళ్ళు తగిలితే పుట్టే గ్యాసుకి నిప్పురవ్వ చూపిస్తే ఢామ్మంటుంది. మామిడి మగ్గబెట్టడానికి వాడకూడదని నిషేధించిన కార్బైడే ఇది. కాయల గంపలోంచి తప్పించబోతే పైపులోకి దూరింది! నాలుగు వందల ఏళ్ళు ఆచారి చేతిలో, అరవై ఏళ్ళు సర్కారు చేతిలో ఉన్న పని ఇలా కొలిమీ కొలతా లేకుండా సొంతదారు చేతికి వచ్చింది. తయారీ తనదే, రిపేరూ తనదే. పేలకపోతే ఏం చేస్తాడు? పైపులోకి తొంగి చూస్తాడు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో వందమందికి పైగా, ఎక్కువగా పిల్లలు, ఈ పైపులతోనే కళ్ళు దెబ్బతీసుకుని ఆస్పత్రుల పాలయ్యారు.

2022 నుంచి నూజివీడు ఏలూరు జిల్లాలో ఉంది, జిల్లా మారినా అటకలు మారలేదు. మీ ఇంటి అటక మీదో, తోట గుడిసెలోనో తాతల నాటి తుపాకి ఏదన్నా ఉంటే, లైసెన్సు గడువు తీరినదైతే, ఆయుధాల చట్టం ఇరవై ఒకటో సెక్షన్ కింద ఠాణాలో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించే దారి ఉంది. మర మేకులు విప్పకండి. ముందు ఠాణాకి కబురు చెప్పి, వాళ్ళు చెప్పినట్టు చెయ్యండి. అందాకా గొట్టం నోరు ఎవరి వైపూ తిప్పకండి, అడుగున నాలుగు వేళ్ళ మందు ఉందనే అనుకోండి.