ఐమూల కొలత: ఐరాల పొలాలు, కర్ణరేఖ

చిత్తూరు జిల్లా ఐరాల ప్రాంతంలో గుట్ట వాలు, వంక మలుపు, చెరువు కట్ట ఎటు తిప్పితే పొలం గట్టు అటు తిరుగుతుంది. నాలుగు పక్కలూ సమంగా కుదిరిన మడి అరుదు. ఇలాంటి నేలను కాగితం మీదికి ఎక్కించడానికి ఆధారం, ఒక మూల నుంచి ఎదుటి మూలకు పోయే కర్ణరేఖ. పొలంలో దానికి గట్టు ఉండదు. సర్వే పటంలోనే కనిపిస్తుంది. దాని విలువను మన దస్తావేజులు ఇంకా గుర్తించలేదన్నది ఈ వ్యాసం వాదన.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. అందువల్ల ఇక్కడి సర్వే ఆ రాజధాని పద్ధతిలో సాగింది. సర్వే నంబర్ల పటాలుండే పుస్తకాన్ని ఎఫ్.ఎం.బి. (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) అంటారు. ఎఫ్.ఎం.బి.లో మూలరాళ్ల మధ్య ఐమూలగా గీతలు గీసి, చేనును త్రికోణాలుగా విడగొడతారు. గట్టు వంకర పోయిన చోట గీత నుంచి లంబంగా ఆఫ్‌సెట్ కొలుస్తారు.

పాత గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. కర్ణం 400 లింకులు, దానికి రెండు పక్కల ఉన్న మూలలకు లంబాలు 120, 130 అనుకుందాం. 400ను 250తో గుణించి సగం చేస్తే 50,000 చదరపు లింకులు, అంటే అర ఎకరం.

త్రికోణానికి మూడు భుజాలు తెలిస్తే ఆకారం ఖాయమైపోతుంది. చతుర్భుజానికి నాలుగు భుజాలు తెలిసినా ఖాయం కాదు. ఒక్కో పక్క 200 లింకులున్న చదరపు మడి 40 సెంట్లు. అవే పక్కలతో మడి ఒరిగి, ఒక కర్ణం 240, రెండోది 320 లింకులైతే విస్తీర్ణం 38.4 సెంట్లే. తేడా సుమారు 697 చదరపు అడుగులు. చిన్న రైతుకు అది తక్కువ నేల కాదు.

ఎదురెదురు పక్కల సగటులను గుణించే మోటు లెక్క రెండు మడులకూ 40 సెంట్లే చూపుతుంది. చతుర్భుజం ఏదైనా ఆ లెక్క అసలు విస్తీర్ణం కంటే తక్కువ చూపదు. అందుకే నష్టమంటూ వస్తే అది కొనేవాడిదే. బ్రహ్మగుప్తుడు 628లోనే ఆ లెక్కను స్థూలఫలమన్నాడు, అంటే ఉజ్జాయింపు. 1150లో లీలావతి రాసిన భాస్కరాచార్యుడు ఇంకా కఠినంగా మాట్లాడాడు: కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజ వైశాల్యం అడిగేవాణ్ణి పిశాచమన్నాడు, జవాబు చెప్పేవాణ్ణి అంతకంటే ఎక్కువగా నిందించాడు. ఆ కోపం న్యాయమైనదే.

పునాదికి ముగ్గు పోసే మేస్త్రీలకు ఈ సూత్రం చేతిపనిలోనే ఉంది. ఎదుటి పక్కలు సమానంగా పెట్టుకుని, రెండు ఐమూలలూ ఒకటయ్యేదాకా మేకులు జరుపుతారు. దస్తావేజు చెక్కుబందీ మాత్రం తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరి భూమి అన్నది చెబుతుంది. పక్కల కొలతలు రాసినా కర్ణం రాయడం అరుదు. గట్టు జరిగిందన్న తగాదా వస్తే ఆ కాగితం ఒక్కటే దాన్ని తేల్చలేదు.

2020 డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు వాడారు. ప్రతి మూలకూ అక్షాంశ రేఖాంశాలుంటే కర్ణం వాటి నుంచే వస్తుంది. అయితే అన్నదమ్ముల పంపకాలు టేపుతో జరిగేచోట దాన్ని విడిగా కొలవాల్సిందే. పొలం కొనేవారూ పంచుకునేవారూ నాలుగు పక్కలతోపాటు రెండు ఐమూలలూ కొలిపించి, ఆ అంకెలను దస్తావేజులో రాయించుకోవాలి.