ప్రజాభిప్రాయమును కొలుచుట ఎట్లు?

కోనసీమలో కొబ్బరికాయలు కొను వర్తకుడు రాశిలోని ప్రతి కాయనూ చేత పట్టి చూడడు. కొన్ని కాయలను ఊపి చూచి, పరిమాణము గమనించి, రాశి మొత్తమునకు ధర కట్టును. అయితే అనుభవము గలవాడు పైకాయలను మాత్రమే తీయడు. పైకాయలు ఏరి పేర్చినవి కావచ్చును. కనుక అడుగునుండియు, నడుమనుండియు, ప్రక్కలనుండియు తీసి చూచును. కొద్దిమందిని అడిగి లక్షలమంది అభిప్రాయమును తెలిసికొను శాస్త్రమునకు మూలసూత్రము ఇదియే. ఇంత సామాన్యమైన సూత్రమును రాజకీయ ప్రపంచము నేర్చుకొనుటకు నూరు సంవత్సరములకు పైగా పట్టినది.

అమెరికాలో 1824లో జరిగిన అధ్యక్ష ఎన్నికకు ముందు విల్మింగ్టన్ పట్టణములో కొందరి అభిప్రాయములను సేకరించిరి. జాక్సన్‌కు 335 మంది, ఆడమ్స్‌కు 169 మంది అనుకూలురని హారిస్‌బర్గ్ పత్రిక యొకటి ప్రకటించెను. ఇట్టి లెక్కలలో తొలినాటివానిగా దీనిని పేర్కొందురు. ఆ ఎన్నికలో జాక్సన్‌కే ఎక్కువ ఓట్లు వచ్చినవి. కాని ఎవరికిని కావలసిన ఆధిక్యము రానందున ప్రతినిధి సభ ఆడమ్స్‌ను అధ్యక్షునిగా ఎన్నుకొనెను. ప్రజల మనసు తెలిసినంత మాత్రమున ఫలితము తెలిసినట్లు కాదని ఆనాడే తేలినది.

అసలైన గుణపాఠము 1936లో వచ్చినది. ‘లిటరరీ డైజెస్ట్’ అను వారపత్రిక సుమారు ఒక కోటి మందికి కార్డులు పంపగా, 20 లక్షలకు పైగా తిరిగి వచ్చినవి. లాండన్ గెలుచునని ఆ పత్రిక చాటెను. ఎన్నికలో రూజ్వెల్ట్ 48 రాష్ట్రములలో 46 గెలిచెను! కేవలము 50 వేల మంది అభిప్రాయములపై ఆధారపడిన జార్జి గాలప్ మాత్రము రూజ్వెల్ట్ గెలుపును ముందుగానే చెప్పగలిగెను.

పెద్ద లెక్క తప్పి, చిన్న లెక్క ఎట్లు నెగ్గినది? పత్రిక తన చిరునామాలను చాలవరకు టెలిఫోను జాబితాలనుండియు, మోటారుకార్ల యజమానుల జాబితాలనుండియు తీసికొన్నది. ఆర్థికమాంద్యము నాటి అమెరికాలో అవి కలవారి జాబితాలు. అంతేకాక కార్డు అందినవారిలో అధికులు జవాబే వ్రాయలేదు. పట్టుదలతో జవాబిచ్చినవారిని చూచి అందరును అట్లే తలచుచున్నారనుకొనుట రెండవ పొరపాటు. అనగా పత్రిక చూచినది రాశిపై కాయలనే.

గాలప్‌కును 1948లో దెబ్బ తగిలినది. డ్యూయీ గెలుచునని ఆయన చెప్పగా ట్రూమన్ గెలిచెను. ఇంతమంది పురుషులు, ఇంతమంది స్త్రీలు అని వాటాలు నిర్ణయించి, ఆ వాటాలో ఎవరిని అడుగవలెనో పనివారి ఇష్టమునకు విడిచిపెట్టుట ఒక లోపము. పోలింగునకు చాలముందే ప్రశ్నించుట మానివేయుట మరియొకటి. అప్పటినుండి చీటీలు తీసినట్లు, జాబితాలోని ప్రతివానికిని అవకాశము కలుగునట్లు మనుష్యులను ఎన్నుకొను యాదృచ్ఛిక పద్ధతికి ప్రాధాన్యము పెరిగెను. మన దేశములో 1963లో ఢిల్లీలో నెలకొల్పబడిన అభివృద్ధి సమాజముల అధ్యయన కేంద్రము, 1967 సార్వత్రిక ఎన్నికల సమయమున ఓటరులపై దేశవ్యాప్తమైన అధ్యయనము జరిపెను.

ఇట్లు యాదృచ్ఛికముగా తీసిన నమూనాలో ఎంత తప్పు ఉండవచ్చునో గణితము చెప్పును. 1,000 మందిని అడిగినచో ఫలితము ఇంచుమించు 3 శాతము అటో ఇటో ఉండవచ్చును. ఈ తప్పును సగము చేయవలెనన్న 2,000 మంది చాలరు, 4,000 మంది కావలెను. దానిని 1 శాతమునకు దింపుటకు దాదాపు 10,000 మంది కావలెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన సి. ఆర్. రావుగారు 1945లో ప్రకటించిన ప్రసిద్ధ సిద్ధాంతము కూడ ఇట్టి విషయమునే చెప్పును: పక్షపాతము లేని అంచనాను ఎంత నేర్పుగా వేసినను, అందలి చాంచల్యము ఒక హద్దునకు దిగువకు పోదు.

ఈ హద్దు ఎంత నిజమైనదో 2019లో రాజోలు చూపినది. ఆ సంవత్సరము ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానములలో జనసేన గెలిచినది రాజోలు ఒక్కటియే. ఆధిక్యము 814 ఓట్లు. మొదటి ఇద్దరు అభ్యర్థులకు వచ్చిన ఓట్లలో ఇది ఒక శాతమునకు తక్కువ. రాష్ట్రమంతట 17,500 మందిని అడిగిరనుకొందము. అది చాల పెద్ద నమూనాయే. కాని నియోజకవర్గమునకు 100 మందియే వత్తురు. వంద మంది నమూనాలో తప్పు 10 శాతము దాకా ఉండును. రాష్ట్రపు గాలిని చెప్పగల లెక్క రాజోలు ఫలితమును చెప్పజాలదు. అది లెక్క చేసినవారి దోషము కాదు. ఆ లెక్కనుండి అంతకుమించి ఆశించినవారి దోషము.

ఎన్నికలు కాని సందర్భములలో ఈ జాగ్రత్త మరింత అవసరము. 2022 ఏప్రిల్ 4న అమలాపురము కేంద్రముగా కోనసీమ జిల్లా ఏర్పడినది. దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు చేర్చదలచి ప్రభుత్వము మే 18న ప్రాథమిక ప్రకటన వెలువరించి, అభ్యంతరములు, సూచనలు తెలుపుటకు 30 దినములు గడువిచ్చెను. ఆ గడువు ముగియకుండగనే మే 24న అమలాపురములో నిరసన హింసగా మారి ఇండ్లు తగులబడినవి. తుదకు ఆ సంవత్సరమే ఆ పేరు స్థిరపడెను.

అభ్యంతరములను ఆహ్వానించుట చట్టము ప్రజలకిచ్చిన హక్కు. ప్రతి అభ్యంతరమును వినదగినదే. కాని అట్లు వచ్చిన అర్జీల సంఖ్యగాని, వీథిలో చేరిన గుంపుగాని జిల్లా ప్రజల అభిప్రాయమునకు కొలత కాజాలదు. వ్రాసినవారు తమంత తాము ముందుకు వచ్చినవారు. ఊరకున్నవారు ఏ పక్షమో అర్జీల కట్ట చెప్పదు. మరియొక మాట: ఒక పేరు వలన ఎవరి గౌరవము నిలుచును, ఎవరి హక్కు భంగపడును అనునది సంఖ్యలతో మాత్రమే తేలు ప్రశ్న కాదు. గణనశాస్త్రము ఎంతమంది ఏమనుచున్నారో చెప్పును. ఏది న్యాయమో చెప్పదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును పాఠశాలలోనే పరీక్షించి చూపవచ్చును. ఒక ప్రశ్నను మొదట, చేయి ఎత్తి ముందుకు వచ్చిన 40 మంది విద్యార్థులను అడుగవలెను. పిదప అదే ప్రశ్నను, హాజరుపట్టీ సంఖ్యల చీటీలు కలిపి తీసిన 40 మందిని రహస్యముగా అడుగవలెను. చివర పాఠశాల మొత్తముచే ఓటు వేయించి, ఏ లెక్క దగ్గరగా వచ్చినదో చూడవలెను. ఒకసారి చేసి విడువక పలుమార్లు చేసినచో భేదము స్పష్టమగును. పత్రికలో ఒక సర్వే కనబడగనే ‘ఎంతమందిని అడిగిరి?’ అనుటతో ఆగక, ‘వారిని ఎట్లు ఎన్నుకొనిరి? జవాబియ్యనివారెందరు?’ అని ప్రశ్నించు అలవాటు విద్యార్థికి అప్పుడే కలుగును.