ఒక తల్లి దుఃఖములో నుండి పుట్టిన పుస్తకము

ఈ వారము హేరియట్ బీచర్ స్టో అనే రచయిత్రిని జ్ఞాపకము చేసుకుందాము. ఆమె వ్రాసిన "అంకుల్ టామ్స్ క్యాబిన్" పేరు విన్నవారు చాలామంది, చదివినవారు కొద్దిమంది.

హేరియట్ 1811 జూన్ 14న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రములో, లిచ్‌ఫీల్డ్ అనే ఊరిలో జన్మించింది. తండ్రి లైమన్ బీచర్ గొప్ప ప్రసంగీకుడు. ఆయన లేన్ సెమినరీకి అధ్యక్షుడు కాగా, 1832లో కుటుంబమంతా సిన్సినాటికి వెళ్లింది. ఆ పట్టణము ఒహైయో నది ఒడ్డున ఉన్నది. నదికి ఈవల బానిసత్వము లేదు, ఆవల కెంటకీలో ఉన్నది. నది దాటి పారిపోయి వచ్చినవారి కథలు ఆమె అక్కడే విన్నది. 1836లో ఆ సెమినరీ అధ్యాపకుడు కాల్విన్ స్టోను వివాహము చేసుకున్నది. వారికి ఏడుగురు పిల్లలు. జీతము చాలక, ఆమె పత్రికలకు కథలు వ్రాసి ఇల్లు గడిపేది.

1849లో సిన్సినాటిలో కలరా వ్యాపించింది. ఏడాదిన్నర బిడ్డ శామ్యూల్ చార్లెస్ ఆమె కళ్లెదుటే మరణించాడు. భర్త చికిత్స కొరకు దూరప్రాంతములో ఉన్నాడు. బిడ్డను తన యొద్దనుండి లాక్కొని అమ్మివేసినప్పుడు బానిస తల్లి గుండె ఏమవుతుందో ఆ పడక యొద్ద, ఆ సమాధి యొద్ద తెలుసుకున్నానని తరువాత ఒక ఉత్తరములో వ్రాసింది.

మరుసటి సంవత్సరమే, అనగా 1850లో, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలని చట్టము వచ్చింది. ఆశ్రయమిచ్చినవారికి వెయ్యి డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు చెరసాల. పట్టుబడినవానికి సాక్ష్యము చెప్పుకొనే హక్కు లేదు. విచారించే అధికారికి, విడిచిపెడితే 5 డాలర్లు, అప్పగిస్తే 10 డాలర్లు! ఓనేసిమును పౌలు తిరిగి పంపలేదా అని ఫిలేమోను పత్రిక చేతపట్టుకొని ఈ చట్టమును సమర్థించిన బోధకులున్నారు. యజమానుని యొద్దనుండి తప్పించుకొని వచ్చిన దాసుని అప్పగించవద్దని చెప్పే ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము వారి బైబిలులోనూ ఉన్నది.

అప్పటికి హేరియట్ కుటుంబము మెయిన్ రాష్ట్రములోని బ్రన్స్‌విక్‌లో ఉన్నది. 1851లో అక్కడి దేవాలయములో ప్రభురాత్రి భోజన ఆరాధనలో కూర్చుండగా, దెబ్బలకు చనిపోతున్న ఒక బానిస దృశ్యము మనస్సులో మెదిలిందట. ఇంటికి వెళ్లి వ్రాసి పిల్లలకు చదివితే వారు ఏడ్చారు. "నేషనల్ ఎరా" అనే వారపత్రికలో ఆ జూన్ నుండి ధారావాహికగా వచ్చి, 1852 మార్చిలో పుస్తకమయింది. మొదటి సంవత్సరములోనే అమెరికాలో 3 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. ఇదంతా అబద్ధమన్నవారికి జవాబుగా 1853లో కోర్టు తీర్పులతో, బానిసల అమ్మకపు ప్రకటనలతో మరొక పుస్తకమే అచ్చువేయించింది.

అబ్రాహాము లింకన్ ఆమెను చూచి, ఈ యుద్ధమును పుట్టించినది నీవేనా అన్నాడని మన ప్రసంగాలలో చెబుతుంటాము. ఆమె 1862లో ఆయనను కలిసిన మాట నిజమే. ఆ సంభాషణ మాత్రము దశాబ్దముల తరువాతగాని అచ్చులో కనబడలేదు. ఆచితూచి చెప్పుట మంచిది.

అయితే "అంకుల్ టామ్" అనే మాట నేడు నల్లజాతివారి మధ్య ఒక తిట్టు. తెల్లవారి ముందు వంగి బ్రతికేవాడని అర్థము. నాటకాలవారు టామును నడుము వంగిన ముసలివానిగా చూపించారు. పుస్తకములోని టాము బలాఢ్యుడు, చిన్నపిల్లల తండ్రి. తోటి బానిస స్త్రీని కొరడాతో కొట్టమంటే కొట్టనన్నాడు. దాగియున్న ఇద్దరు స్త్రీల జాడ చెప్పనందుకే చంపబడ్డాడు. ఇది వంగిన మనిషి చేసే పనియా?

తప్పంతా నాటకాలవారిదే అనలేము. నల్లవారు పుట్టుకతోనే సాధువులన్నట్లు ఆమె వ్రాసింది. కథ చివర విడుదల పొందిన కుటుంబమును ఆఫ్రికాకు పంపివేసింది. మేము ఈ దేశములోనే ఉంటామని ఫ్రెడరిక్ డగ్లస్ 1853లోనే ఆమెకు వ్రాశాడు. యౌవనములో తానే ప్రసంగీకుడైన జేమ్స్ బాల్డ్విన్ 1949లో ఈ పుస్తకమును కఠినముగా విమర్శించాడు. ఆ విమర్శ కూడా మనము చదవవలసినదే.

1857లో ఆమె పెద్ద కుమారుడు హెన్రీ నదిలో మునిగి చనిపోయాడు. మరొక కుమారుడు ఫ్రెడరిక్ 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధములో గాయపడి, తరువాత కాలిఫోర్నియాకు వెళ్లి తిరిగి రాలేదు. 1896 జూలై 1న ఆమె హార్ట్‌ఫర్డ్‌లో కన్నుమూసింది. సమాధి కార్యక్రమానికి బోస్టన్‌లోని నల్లజాతివారు ఒక పూలదండ పంపారు. దానికి కట్టిన చీటీ మీద "అంకుల్ టామ్ పిల్లలు" అని వ్రాసియున్నది.