కాగితం ఎవరి బీరువాలో ఉంది? (7వ భాగం)



ఈ వారం పూర్తిగా చరిత్రే రాద్దామని కూర్చున్నాను. నా సొంత గొడవ అడ్డమొచ్చింది. పక్కన పెడదామని చూశాను, పోలేదు. అందుకని రెండూ కలిపే రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను బీఎస్సీ పాసై పద్నాలుగు నెలలైంది. అమ్మ వైపు చూసినా నాన్న వైపు చూసినా మా ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్‌ని నేనే. రిజల్ట్ వచ్చిన రోజు అమ్మ పల్లెలో ప్రతి గడపకీ వెళ్లి చెప్పింది. కానీ నా టీసీ, మార్కుల లిస్టులు ఇంతవరకూ నా చేతికి రాలేదు. కాలేజీ బీరువాలో ఉన్నాయి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదట. ఆ డబ్బు ముందు నేను కట్టాలట, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తారట. ముప్పై రెండు వేలు. నాన్న సెంట్రింగ్ పనికి పోతాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తానన్నాడు. నేనే వద్దన్నాను.

మా నాయనమ్మకి ఈ లెక్క అర్థం కాలేదు. "సదివింది నువ్వు, పాసైంది నువ్వు. కాయితం ఆళ్ల కాడెందుకుంది రా?" అంది. నేను స్కాలర్‌షిప్పు, బకాయిలు అంటూ ఏదో చెప్పబోయాను. ఆవిడ మధ్యలోనే ఆపేసింది. "మీ తాత నోటు గూడా అంతే. ఏలిముద్ర ఆయనది, ఇనప్పెట్టె కామందుది" అంది.

ఆ మాట నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. మా తాత పాలేరు. ఆయన వేలిముద్ర వేసిన ప్రోనోటు ఆయన పోయేదాకా కామందు దగ్గరే ఉంది. మనవడు డిగ్రీ చదివాడు. వాడి కాగితమూ ఇంకొకరి బీరువాలోనే ఉంది. మరి మారిందేమిటి?

ఏమీ మారలేదని అననులెండి. అలా అంటే తాతకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆయన ఎవరి అరుగు దగ్గర చెప్పులు చేత పట్టుకుని నడిచాడో, ఆ అరుగు ముందునుంచే నేను బండి మీద పోతున్నాను. అయితే మా పల్లెలో అందరూ నమ్మే మాట ఒకటుంది. "సదువుకుంటే కులం పోద్ది." నిజంగా పోతుందా? చరిత్రలో మన గ్రాడ్యుయేట్లకి ఏం జరిగిందో చూద్దాం.

1917 నుంచి మొదలుపెడతాను.

అంబేడ్కర్‌కి అప్పటికి 26 ఏళ్లు. 1912లో బొంబాయిలో బీఏ అయ్యింది. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్పు మీద న్యూయార్క్ వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1915లో ఎంఏ. 1916లో కుల వ్యవస్థ పుట్టుక మీద పరిశోధనా పత్రం చదివాడు. తర్వాత లండన్. స్కాలర్‌షిప్పు గడువు అయిపోయేసరికి చదువు మధ్యలో ఆపుకుని తిరిగొచ్చాడు. ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరాలి. అప్పటికి ఆ సంస్థానంలో అంత చదువు చదివినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు?

ఊళ్లో ఉండటానికి గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగాడు. పదకొండో రోజు పొద్దున్నే డజను మంది పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగాడు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. చివరికి కామాఠీ బాగ్ అనే పార్కులో గంటల తరబడి కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే ఇదంతా రాసుకున్నాడు. అమెరికా, ఇంగ్లండు బతుకులో తాను అంటరానివాణ్ణన్న సంగతే మర్చిపోయాననీ, బరోడాలో దిగగానే గుర్తొచ్చిందనీ దాని సారాంశం. ఇద్దరు ముగ్గురు మన జూనియర్లు ఈ పుస్తకం చదవలేదని విన్నాను. చిన్న పుస్తకం, ఒక్క పూటలో అయిపోతుంది. చదవండి.

అదే 1917 నవంబరులో మన బెజవాడలో ఇంకో సంగతి జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడుగా పెద్ద సభ పెట్టారు. పంచమ సభ అని పిలిచిన సభ అది. పంచములనే పేరే మాకు వద్దు, మేము ఈ నేలకి మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని ఆ సభలో తేల్చి చెప్పారు. కొన్నేళ్లకి మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరును ఒప్పుకోక తప్పలేదు. వర్మకి కాలేజీ డిగ్రీ లేదు. 1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910లో హైదరాబాదు ఇసామియా బజారులో మన పిల్లలకి బడి పెట్టాడు. ఆ తర్వాత బళ్లు పెంచుకుంటూ పోయాడు.

ఒకే సంవత్సరం. పెద్ద డిగ్రీలున్నాయన పార్కులో ఒంటరిగా కూర్చున్నాడు. డిగ్రీ లేనాయన వేదికెక్కి ఒక జాతికి పేరు మార్చాడు. డిగ్రీ వద్దని నేను చెప్పటం లేదు. ఆ రెండోవాడి వెనక జనం ఉన్నారు, మొదటివాడి వెనక అప్పటికింకా ఎవరూ లేరు. ఆ తేడా అంబేడ్కర్‌కే బాగా అర్థమైంది. 1920లో 'మూక్‌నాయక్' పత్రిక, 1924లో బహిష్కృత హితకారిణి సభ, 1927 మార్చి 20న మహద్ చెరువు. బరోడా పార్కు నుంచి మహద్ నీళ్ల దాకా ఆయనకి పదేళ్లు పట్టింది.

ఇక నా బకాయి సంగతికొస్తాను. ఈ స్కాలర్‌షిప్పు ఎవరి దయో అనుకుంటారు చాలామంది. కాలేజీలో మా లెక్చరర్ ఒకాయన క్లాసులోనే "మీకేంరా, గవర్నమెంటు అల్లుళ్లు" అనేవాడు. మేం కూడా నవ్వేవాళ్లం. ఇప్పుడు తల్చుకుంటే మా నవ్వు మీదే నాకు కోపం వస్తుంది.

1942లో అంబేడ్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ సభ్యుడయ్యాడు. అదే ఏడు షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద పెద్ద వినతిపత్రం రాసి వైస్రాయికి ఇచ్చాడు. పై చదువులకి డబ్బు ఇవ్వాలని పట్టుబట్టాడు. ఏడాదికి 3 లక్షల రూపాయలు సాధించాడు. 1944లో మెట్రిక్ తర్వాతి చదువులకి స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. నాలుగైదేళ్లలో ఆ పథకం ఆదివాసీ విద్యార్థులకీ, వెనకబడిన తరగతులకీ విస్తరించింది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు అనే మాట పుట్టింది అక్కడే. తనకి స్కాలర్‌షిప్పు గడువు అయిపోతే చదువు ఆపుకుని రావలసి వచ్చింది. మన పిల్లలకి అలా కాకూడదనుకున్నాడని నాకనిపిస్తుంది. స్వాతంత్ర్యం కన్నా మూడేళ్లు ముందు పుట్టిన హక్కు ఇది. దాన్ని బకాయి పెట్టడమంటే మనకి బిచ్చం ఆలస్యం చేయడం కాదు, మన అప్పు ఎగ్గొట్టడం.

సరే, చదువుకున్నాం. మరి ఊరు ఊరుకుందా?

తెనాలి పక్కన చుండూరు. 1991. అక్కడి మాలపల్లెలో పిల్లలు చదువుకున్నారు. రైల్వేలో పనులు దొరికినవాళ్లు ఉన్నారు. కామందు పొలం మీదే ఆధారపడాల్సిన అవసరం తగ్గింది. ఆ జులైలో సినిమా హాల్లో డిగ్రీ చదివిన ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకులం అబ్బాయికి తగిలింది. గొడవ అక్కడ మొదలైంది. తర్వాత సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న ఊరి పొలాల్లో తరిమి తరిమి ఎనిమిది మందిని నరికారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. ఆ రోజు పోలీసులు ఊళ్లోనే ఉన్నారు.

కాలు తగలడం కారణమంటే నేను నమ్మను. ప్యాంటూ చొక్కా వేసుకుని వాళ్లతో సమానంగా టికెట్టు కొనుక్కుని కూర్చున్న ఆ చదువుకున్న కుర్రాడే కారణం. తాతలాగా నేల మీద కూర్చుని ఉంటే కాలు తగిలేది కాదు కదా.

చుండూరు జనం తెనాలిలో శిబిరం పెట్టుకుని ఉన్నారు. చనిపోయినవాళ్లని ఊరి నడుమనే పూడ్చారు. అదే ఇవాళ్టి రక్తక్షేత్రం. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించారు. సాక్షులు ఏళ్ల తరబడి నిలబడ్డారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. తీర్పుల సంగతి అలా ఉంచండి. సంతకం చేయటం రాని ముసలమ్మలు లాయర్ల అడ్డ ప్రశ్నలకి బెదరకుండా నిలబడ్డారే, అది ఏ డిగ్రీలో నేర్పుతారు?

2016 సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మన గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ. హాస్టల్ నుంచి వెలేస్తే తోటివాళ్లతో కలిసి ఆరుబయట వెలివాడ కట్టుకుని పడుకున్నాడు. జనవరి 17న మనకి లేకుండా పోయాడు. ఏడు నెలల ఫెలోషిప్పు, లక్షా డెబ్బై అయిదు వేలు, తనకి రావలసి ఉందని చివరి ఉత్తరంలో కూడా రాయాల్సి వచ్చింది. 1944లో మొదలైన లెక్కని ఈ బాకీ పక్కన పెట్టి చూడండి.

అంటే చదువు వల్ల కులం పోలేదు. కులానికి మన మీద కోపం పెరిగింది. బరోడా సత్రంలో, చుండూరు సినిమా హాల్లో, యూనివర్సిటీ హాస్టల్లో దెబ్బ తగిలింది మన చదువుకున్నవాడికే. ఎందుకంటే పాత హద్దు దాటి ముందుగా అడుగు పెట్టేది వాడే. ఒంటరిగా దాటినవాడు ఒంటరిగా దెబ్బ తిన్నాడు. వెనక్కి తిరిగి పల్లెని కలుపుకున్న చోటే ఏదో ఒకటి కదిలింది.

మా పల్లె విగ్రహం గద్దె మీద "బోధించు, సమీకరించు, పోరాడు" అని ఉంటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మొన్ననే గమనించాను, అక్కడ "పాస్ అవ్వు" అని లేదు. మొదటి మాటే "బోధించు". అంటే నేను నేర్చుకున్నది ఇంకొకరికి చెప్పాలి.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. సర్టిఫికెట్లు ఆగిపోయిన మా బ్యాచ్ వాళ్లం కలిసి వెళ్దామనుకున్నాం. నాన్న ఒప్పుకోలేదు. "కేసు పెడితే రేపు ఉద్యోగానికి ఎంక్వైరీలో పోద్ది రా. మూడు వడ్డీ అయినా నేను కడతా" అన్నాడు. ఆయన్ని పిరికివాడని నేను అనను. కేసుల వల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్న అన్నలు మా పల్లెలోనే ఉన్నారు. ఆయన భయానికి కూడా చరిత్ర ఉంది.

నేను ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న మా చెల్లి అన్నం తింటూ అడిగింది. "నాన్నా, అన్నకి కట్టేస్తావు సరే. రేపు నా కాగితాలు ఆపితే?"

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చేయి కడుక్కుని వచ్చి, "ఎంతమంది వస్తున్నారు రా సోమవారం?" అని అడిగాడు.

పదకొండు మందిమి, నాన్నా. ఇంకా పెరుగుతారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఒక పని చెప్తాను. మీ ఇంట్లో మొదట బడికి వెళ్లింది ఎవరు, ఎవరి డబ్బుతో, ఎక్కడ ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు అని పెద్దవాళ్లని అడిగి రాసిపెట్టుకోండి. మన చరిత్ర పుస్తకాల్లో కన్నా నాయనమ్మల దగ్గరే ఎక్కువ ఉంది. మీ సర్టిఫికెట్లు కూడా ఆగి ఉంటే కింద మీ జిల్లా పేరు ఒక్కటి రాయండి, మిగతాది మాట్లాడుకుందాం.

సోమవారం ఏం జరిగిందో వచ్చే ఆదివారం రాస్తాను.

జై భీమ్.