పట్టాలు లేని సీమలో ఇటుకల రైలు

మా కోనసీమలో రైలు ఎక్కాలంటే ముందు కోనసీమ దాటాలి. అమలాపురం నుంచి రాజమండ్రి స్టేషను 60 కిలోమీటర్ల పైమాటే. కాకినాడ వెళ్ళినా అంతే. ఒకప్పుడైతే మధ్యలో గోదారి, గోదారి మీద పంటు. సామాన్లు, చంటిపిల్లలు, ఆవకాయ జాడీతో సహా పంటు ఎక్కి, దిగి, బస్సు పట్టుకుని, అప్పుడు రైలు. యానాం - ఎదుర్లంక వంతెన 2002లో వచ్చాక పంటు బాధ కొంత తీరింది కానీ, రైలు మాత్రం ఇంకా అవతలి ఒడ్డునే ఉండిపోయింది. గౌతమికీ వశిష్ఠకీ మధ్యనున్న మన పచ్చటి సీమకి చరిత్రలో అన్నీ ఉన్నాయి, రైలు స్టేషను తప్ప.

అయితే అవతలి ఒడ్డు దాకా రైలు ఒకసారి వచ్చి వెళ్ళిపోయిందని మీలో ఎంతమందికి తెలుసు? కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల లైను 1928లోనే వేశారు. కోటిపల్లి అంటే గౌతమి ఒడ్డు. రైలు దిగి రేవు దాటితే ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి అమలాపురం. పన్నెండేళ్ళు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో ఆ పట్టాలు పీకేసి యుద్ధం పనులకి పట్టుకుపోయారు. ఎక్కడో ఐరోపాలో వాళ్ళూ వాళ్ళూ కొట్టుకుంటే మన కోటిపల్లి రైలు పోయింది.

మా అత్తయ్యగారి పుట్టిల్లు రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. ఆవిడ పుట్టేసరికే పట్టాలు లేవు, కట్ట ఉంది. "రైలు కట్ట మీద నడిచి బడికెళ్ళేవాళ్ళం. రైలెక్కడా అని అడిగితే యుద్ధానికెళ్ళిందనేవారు. రైలు కూడా సిపాయిలా యుద్ధానికి వెళ్తుందేమో, తిరిగొస్తుందేమో అనుకునేదాన్ని" అంటారు. తిరిగి రావడానికి 64 ఏళ్ళు పట్టింది. ఆ లైను మళ్ళీ వేయాలని పట్టుబట్టిన వాళ్ళలో మన ఎదుర్లంక బిడ్డ, లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారి పేరే ముందు చెప్తారు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. 2004లో కోటిపల్లికి రైలు వచ్చింది, చూడ్డానికి ఆయన లేరు. వచ్చిన రైలు కూడా పెద్దదేం కాదు, రైలు బస్సు. ఒకటే పెట్టె, అందులోనే ఇంజను. పట్టాల మీద పల్లెవెలుగు అన్నమాట.

ఈ రైలు బస్సునే మా అమ్మాయి ప్లాస్టిక్ ఇటుకలతో కట్టింది. తొమ్మిదో తరగతి. ఓణీల ఫంక్షనుకి మేనమామ పట్టుపరికిణీ పెట్టాలా వద్దా? మా తమ్ముడు పరికిణీ పెట్టాడు, దాంతోపాటు ఇది అడిగిందని లెగో ఇటుకల డబ్బాలు, రైలు పట్టాలు కూడా అమెరికా నుంచి మోసుకొచ్చాడు. వచ్చిన పేరంటాళ్ళలో ఒకావిడ "ఆడపిల్లకి రైలుబళ్ళేమిటమ్మా, వెండి కుంది పెట్టొచ్చుగా" అంది. పోనీలే అని ఊరుకున్నాను కానీ, ఆ మాట మనసులో ఉండిపోయింది. నిజంగానే రైలుబొమ్మ మగపిల్లాడి ఆస్తా? ఎప్పటినుంచి? చదివి చూస్తే, అత్తయ్యగారికీ నాకూ ఆశ్చర్యం వేసింది.

బొమ్మ రైళ్ళకి పెద్ద పేరున్న కంపెనీ జర్మనీలోని మెర్క్లిన్. 1859లో ఒక రేకుపని ఆయన మొదలుపెట్టాడు. మొదట చేసిందేమిటో తెలుసా? లక్కపిడతలు! అంటే బొమ్మరిల్లులో వంటింటికి కావలసిన చిన్న చిన్న రేకు గిన్నెలూ సామాన్లూ. ఆయన భార్య కారొలీన్ ఆ రోజుల్లోనే ఊరూరా తిరిగి ఆ సరుకు అమ్మింది. 1866లో ఆయన పోతే, పిల్లలు పెద్దయ్యేదాకా వ్యాపారం చెయ్యిజారకుండా నిలబెట్టింది కూడా ఆవిడే. కొడుకులు చేతికొచ్చాక 1891లో లైప్‌జిగ్ సంతలో బొమ్మ రైలు పెట్టారు. అందులో గొప్ప ఏమిటంటే పట్టాల మధ్య వెడల్పుకి ఒక కొలత ఖాయం చేశారు. ఈ ఏడు కొన్న రైలుకి పై ఏడు మరికొన్ని పట్టాలు కొని కలుపుకోవచ్చు. ఒక బొమ్మతో మొదలుపెట్టి ఏటా కొంత పెంచుకోవడం అనేది మనకి కొత్తా? బొమ్మల కొలువు అంటే అదే కదండీ. అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి బొమ్మ పక్కన అమ్మ కొన్న లక్కబొమ్మ, దాని పక్కన మన పిల్లలది. చూశారా, లక్కపిడతల కొట్టులోంచే రైలు బయల్దేరింది. దాన్ని నిలబెట్టింది ఒక ఇల్లాలు. మగపిల్లాడి ఆస్తి అని పెట్టె మీద బొమ్మ వేసింది తర్వాతి వాళ్ళు.

మన దగ్గరా బొమ్మ రైలు ఉంది. ఏటికొప్పాక వాళ్ళు అంకుడు కర్రని తరిణి పట్టి, లక్క రంగులు అద్ది చేస్తారు. తాడు కట్టి లాగితే గడగడా వస్తుంది. జగ్గన్నతోట ప్రభల తీర్థంలోనో అంతర్వేది తీర్థంలోనో రంగురంగుల కర్రబొమ్మ కోసం కొంగు పట్టుకు లాగని పిల్లలున్నారా? కాకపోతే దాని పట్టాలు పిల్లల ఊహలోనే ఉంటాయి.

ఇక ఇటుకల కథ. డెన్మార్కులో బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. 1932 నాటికి మాంద్యంతో పని లేదు. ఆ ఏడే భార్య పోయింది. నలుగురు మగపిల్లలు. ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు లేక చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 'బాగా ఆడుకో' అని అర్థం వచ్చే డేనిష్ మాటల్ని కుదించి లెగో అని పేరు పెట్టాడు. మన కోటిపల్లి పట్టాలు లేచిన 1940లోనే జర్మన్లు డెన్మార్కుని ఆక్రమించారు. 1942లో కార్ఖానా కాలిపోయింది. మళ్ళీ కట్టుకున్నాడు. ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయి. వాటికి దారి చూపింది హిల్లరీ ఫిషర్ పేజ్ అనే ఇంగ్లండాయన అంతకుముందే చేసిన ఇటుకలు. అయితే అవి ఒకదాని మీద ఒకటి గట్టిగా నిలిచేవి కావు. అడుగున బోలు గొట్టాలు పెట్టి ఆ పట్టు సాధించి 1958 జనవరి 28న పేటెంటుకి పెట్టారు. అదే ఏడు ఓలే పోయాడు. ఆనాటి ఇటుక ఇప్పటి ఇటుకకి ఇంకా అతుకుతుంది.

ఇటుకల రైలుకి మోటారు 1966లో వచ్చింది. నీలం పట్టాలు, మూడు బ్యాటరీలు, నాలుగున్నర వోల్టులు. 1969లో పట్టాల మధ్య కరెంటు మోసే పట్టాలు వేసి, ట్రాన్స్‌ఫార్మర్‌తో 12 వోల్టులు పంపారు. బ్యాటరీ అయిపోయే బెంగ లేదు. 1991లో లోహపు పూత ఉన్న పట్టాల్లోంచే 9 వోల్టులు వెళ్ళేలా చేశారు. 2006 నుంచి మళ్ళీ బ్యాటరీ పెట్టెలోకే వచ్చేసింది, చేతిలో రిమోట్. ఇప్పుడు ఫోనుతో కూడా నడుపుతున్నారు. కరెంటు పెట్టెలోంచి పట్టాల్లోకి వెళ్ళి, తిరిగి పెట్టెలోకి వచ్చింది. మన వంటింట్లో రుబ్బురోలు పోయి గ్రైండరు వచ్చి, మళ్ళీ కొందరిళ్ళల్లో రోలు కనబడుతున్నట్టు.

మా పిల్ల డబ్బాలో మోటారు లేదు. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ కొట్టుకి వాళ్ళ నాన్నని తీసుకెళ్ళి చిటికెన వేలంత గేరు మోటారు కొనుక్కొచ్చింది. నిమిషానికి 300 చుట్లు తిరుగుతుందట. ముందు కాగితం మీద లెక్క వేసింది. మన రైలు పట్టాల మధ్య వెడల్పు 1676 మిల్లీమీటర్లు, ఈ బొమ్మ పట్టాలకి 37న్నర. అంటే నిజం రైలులో 45వ వంతు. మరి పెట్టె వెడల్పు కూడా అదే లెక్కలో రావాలి కదా. నిజం పెట్టె సుమారు మూడుంపావు మీటర్లు, 45తో భాగిస్తే 72 మిల్లీమీటర్లు. ఇటుక మీద ఒక్కో బొడిపెకి 8 మిల్లీమీటర్లు చొప్పున తొమ్మిది బొడిపెలు. తొమ్మిదైతే తలుపులు రెండు వైపులా సమంగా కుదరవని ఎనిమిదికి సరిపెట్టింది. జాకెట్టు కుట్టేటప్పుడు మనం అర అంగుళం అటూ ఇటూ సర్దుకోమూ? అలాగే.

మోటారు ఇరుసూ ఇటుకల ఇరుసూ వేర్వేరు లావు. ఆ రెండిటినీ కలపడానికి సెలైన్ గొట్టం ముక్క వేడినీళ్ళలో మెత్తబరిచి తొడిగింది. అందులో నా చెయ్యి లేదు, వేడినీళ్ళు మాత్రం నావి. అసలు పాఠం పళ్ళ చక్రాల దగ్గర ఉంది. మోటారుకి 24 పళ్ళ చక్రం, బండి చక్రానికి 8 పళ్ళది పెడితే మూడింతల వేగం వచ్చింది. మొదటి వంపులోనే రైలు బస్సు ఎగిరి సోఫా కింద పడింది. రెండూ అటూ ఇటూ మార్చి పెడితే కొండ కూడా ఎక్కేంత బలం వచ్చింది కానీ చీమ నడక. చివరికి 16 పళ్ళవి రెండు పెట్టింది. మూడు జతలకీ పళ్ళ మొత్తం 32 కాబట్టి ఇరుసుల మధ్య దూరం మార్చక్కర్లేకుండానే ఇమిడిపోయాయి. అప్పుడు సెకనుకి 28 సెంటీమీటర్లు. 45 రెట్లు చేసి చూస్తే గంటకి దాదాపు 45 కిలోమీటర్లు. కోటిపల్లి రైలు బస్సుకి అచ్చుగుద్దినట్టు తగిన వేగం కదూ!

అయినా బయల్దేరేటప్పుడు చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగేది. పట్టు కావాలంటే బరువు కావాలి. బ్యాటరీల పెట్టెని మోటారు చక్రాల మీదికి జరిపి, చక్రాలకి సన్నని రబ్బరు తొడుగులు వేసింది. నెత్తి మీద బిందె ఉంటే అడుగు గట్టిగా పడుతుందని మా అమ్మమ్మ అనేది, అదే సూత్రం. ఇంకోటి, ఈ బొమ్మ పట్టాల వంపు చాలా బిగువు. 16 ముక్కలు కలిపితే గుండ్రం అయిపోతుంది, వ్యాసార్ధం 32 సెంటీమీటర్లే. నిజం లెక్కలో అది పద్నాలుగున్నర మీటర్లు. నిజం రైలు ఆ వంపు తిరగనే తిరగదు. పొడుగు పెట్టెలైతే కింద బోగీలు విడిగా తిరిగేలా కట్టాలి. పొట్టి రైలు బస్సు కాబట్టి రెండు ఇరుసులతో సరిపోయింది.

సంక్రాంతికి కొలువులో పెట్టాం. మెట్ల మీద మామూలు బొమ్మలే. కింద మెంతులు, ఆవాలు మొలకెత్తించిన పొలాల చుట్టూ పట్టాలు, వాటి మీద రైలు బస్సు. పేరంటానికి వచ్చినవాళ్ళు తాంబూలం పుచ్చుకుని కూడా లేవలేదు. "వెండి కుంది పెట్టొచ్చుగా" అన్నావిడ మనవరాలు రిమోట్ వదల్లేదు. ఆవిడ కాసేపు చూసి, "ఇందులో ఏది తిరిగితే ఏది తిరుగుతుందే?" అని మా పిల్లనే అడిగింది. పిల్ల పెట్టె పైకప్పు విప్పి చూపించింది. నాకు అది చాలు. రైలు నడపడం కాదు, విప్పి చెప్పగలగడం. మనకి మిక్సీ చెడితే మెకానిక్ వచ్చేదాకా మూత కూడా తియ్యనివ్వకుండా పెంచారు. ఈ పిల్లలు మూత తీస్తారు.

కొలువులో ఒక్కటి మాత్రం కుదర్లేదు. గోదారి. రెండు పీటల మధ్య నీలం గుడ్డ పరిచి పైన పట్టా వేస్తే మధ్యలో దిగబడిపోయింది. స్తంభాలు నిలబెట్టడం తేలికే, వాటిమీద బరువు మోసే గడ్డర్లు కట్టడమే అసలు పని అని తెలిసొచ్చింది. కోటిపల్లి దగ్గరకెళ్తే కనబడేదీ అదే. కోటిపల్లి - నరసాపురం లైను 57 కిలోమీటర్లు, 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడూ దాటాలి. గౌతమిలో స్తంభాలు లేచాయి. రాజమండ్రి హేవలాక్ వంతెన 1897లో మొదలై 1900లో రైలుకి తెరుచుకుంది, అదీ మన గోదారే. మంజూరైన ఏడు పుట్టిన పిల్లలకి పెళ్ళిళ్ళు కూడా అవుతున్నాయి, మన రైలు ఇంకా రావాలి. కాన్పుకి పుట్టింటికొచ్చే ఆడపిల్ల, కాకినాడ ఆసుపత్రికెళ్ళే ముసలమ్మ, హైదరాబాదులో చదివే పిల్లలు, వీళ్ళందరికీ అది బొమ్మ కాదు.

మొన్న మా అమ్మాయి ఇంకో లెక్క వేసింది. 57 కిలోమీటర్లని 45తో భాగిస్తే 1,267 మీటర్లు. ఒక్కో తిన్నని పట్టా ముక్క 12.8 సెంటీమీటర్లు. అంటే మొత్తం సుమారు 9,900 ముక్కలు కావాలి. మా ఇంట్లో వంపువి 16, తిన్ననివి 8, వెరసి 24 ఉన్నాయి.

అత్తయ్యగారు అంతా విని, "మనవి మనం వేశాం కదే. మిగతావి వాళ్ళని వెయ్యమను" అన్నారు.