ఇచ్చిన వాళ్లెవరు?

1998 ఎండాకాలంలో నేను మొదటిసారి జహీరాబాద్ వెళ్లింది వాలంటీర్‌గా. హైదరాబాద్‌లో ఒక స్త్రీల బృందం చేస్తున్న అధ్యయనానికి సమాచారం కావాలి. మా చేతుల్లో జిరాక్సు ఫారాలు. వాటిలో ఒక గడి పేరు 'లబ్ధిదారు', పక్కగడి పేరు 'పొందిన సహాయం'. ఝరాసంగం వైపు ఒక ఊళ్లో వేపచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దామెను అడిగాను, సంఘం నుంచి మీకు ఏమేం ఇచ్చారమ్మా అని. "ఎవలిచ్చిండ్రు బిడ్డా? మేమే పెట్టుకున్నం, మేమే తీసుకున్నం" అంది. పక్కనున్న వాళ్లు నవ్వారు. నేను కూడా నవ్వి, గడిలో 'జొన్న విత్తనాలు' అని రాసుకుని తర్వాతి ఇంటికి వెళ్లాను. ఆమె మాట రాసుకోవడానికి ఆ ఫారంలో చోటు లేదు. చోటు లేదన్న సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాల గురించి ఇప్పటికి చాలామంది రాశారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైందనీ, పస్తాపూర్ కేంద్రంగా సుమారు 75 గ్రామాల్లో 5,000 మంది స్త్రీలతో పనిచేసిందనీ, 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజు ఇచ్చిందనీ ఆ వ్యాసాల్లో దొరుకుతుంది. దూరదర్శన్ ప్రొడ్యూసర్‌గా పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ పేరు దాదాపు ప్రతిచోటా మొదటి పేరాలోనే ఉంటుంది. ఆయన 2023 మార్చి 19న చనిపోయినప్పుడు వచ్చిన నివాళుల్లో కూడా అదే వరస. ఆయన పనిని తక్కువ చెయ్యాలని కాదు. కానీ ఈ రచనల్లో క్రియాపదాలన్నీ ఒకవైపు నుంచే నడుస్తాయి. సంస్థ ఇచ్చింది, నేర్పింది, మేల్కొల్పింది. స్త్రీలు పొందారు, నేర్చుకున్నారు, మేల్కొన్నారు. చరిత్ర రాసేటప్పుడు కర్త ఎవరన్నది వ్యాకరణం సమస్య మాత్రమేనా?

ఆ నేల గురించి కొంచెం చెప్పాలి. జహీరాబాద్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనప్పుడు మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. అందుకే అక్కడి తెలుగులో కన్నడం, ఉర్దూ, మరాఠీ కలగలిసి వినిపిస్తాయి. ఎర్ర నేలలు, గరుసు నేలలు, వానే ఆధారం. భూసంస్కరణల పుణ్యమా అని దళిత కుటుంబాలకు దక్కిన ఎకరం, రెండెకరాలు చాలావరకు రాళ్లూ రప్పలే. పెట్టుబడి లేక పడావు పడేవి. వాటి పట్టాలు పెట్టెలో ఉండేవి, మనుషులు పటేళ్ల పొలాల్లో ఉండేవాళ్లు. దానికి తోడు 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకమే, కాదనను. కానీ జొన్న తినే ఊళ్లకు బియ్యం రావడంతో జొన్న వేసే చేనికి విలువ పోయింది, దానితోపాటు ఆ చేను గురించి తెలిసిన ఆడమనిషి మాటకూ విలువ పోయింది.

సొసైటీ పని మొదట మగవాళ్ల సంఘాలతోనే మొదలైంది. అవి నిలబడలేదు. తమకు వేరే సంఘం కావాలని ఆడవాళ్లు అడిగాకే అసలు కథ నడిచింది. వాళ్లు చేసిన తొలి పనుల్లో ఒకటి పదిమంది కలిసి భూమి కౌలుకు తీసుకుని ఉమ్మడిగా సేద్యం చెయ్యడం. రెండోది విత్తనం.

ఇక్కడ నేను ఆగాలి, ఎందుకంటే ఈ విత్తనం సంగతిలోనే నాకు ఈ చరిత్ర అంతా కనబడుతుంది. సంఘం ఇంట్లో గుమ్ములుంటాయి, బుట్టలుంటాయి. పేడా మన్నూ పూసి, బూడిదా వేపాకూ కలిపి విత్తనం దాస్తారు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుము, అవిసె, ఇంకా అనేకం. అదునుకు విత్తనం లేని మనిషి వచ్చి కొలిపించుకుని పోతుంది. పంట వచ్చాక తీసుకున్నదానికి రెట్టింపు తెచ్చి గంపలో పోస్తుంది. డబ్బు ప్రసక్తి లేదు.

రెట్టింపు అనగానే తెలంగాణ చరిత్ర చదివిన వాళ్లకు గుర్తురావలసిన మాట నాగు. దొరా, షావుకారూ గింజలు అప్పిచ్చి పంటకాలానికి ఒకటికి ఒకటిన్నర కొలిపించుకునే నాగువడ్డీ. ఎన్ని కుటుంబాలు ఆ కొలతలో పడి జీతగాళ్లయ్యాయో సాయుధ పోరాటం గురించిన పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ లెక్కన సంఘం తీసుకునేది నాగు కంటే ఎక్కువ! మొదట్లో ఈ విషయం నన్ను నిజంగానే ఇబ్బంది పెట్టింది. బీదవాళ్ల దగ్గర రెట్టింపు ఎలా అడుగుతారు అని వాదించాను కూడా. ఇప్పుడు అనిపిస్తుంది, అది బయటి మనిషి జాలి అని. నాగులో పెరిగిన గింజ దొర గరిసెలోకి పోతుంది, మళ్లీ దాన్నే అప్పుగా తెచ్చుకోవాలి. ఇక్కడ పెరిగిన గింజ రేపు ఇంకో ఇద్దరికి అందే విత్తనం. గింజ కొలిచేది తోటి ఆడమనిషి, నిరుడు ఇదే గుమ్మం ముందు చెంగు పట్టి నిలబడ్డ మనిషి. ఉచితంగా తీసుకుంటే ఆమె పుచ్చుకునే మనిషిగానే మిగిలిపోయేది. రెట్టింపు పోసిన రోజున ఆమె ఇచ్చే మనిషి అవుతుంది. తరతరాలుగా తమను లొంగదీసిన ఒక కొలతను తీసుకుని, దాని ఫలం పోయే దిక్కు మార్చారు వాళ్లు. ఇది ఎవరో వచ్చి నేర్పిన పాఠం అనుకోను. నాగు కట్టిన వాళ్లకే ఆ లెక్క తెలుస్తుంది.

'సంఘం' అన్న మాట కూడా అలాంటిదే. 1940లలో ఆంధ్రమహాసభను తెలంగాణ పల్లెల్లో సంఘమనే పిలిచారు. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు మన తరంవాళ్లం ఆ మాటను స్త్రీల నోటివెంట విన్నాం. వంటలు చేసి పెట్టిన వాళ్లుగా, దాచిపెట్టిన వాళ్లుగా తప్ప ఉద్యమ చరిత్రలో కనబడని వాళ్లు తమ కథ తాము చెప్పుకున్న పుస్తకమది. అదే మాట జహీరాబాద్‌లో మళ్లీ లేచింది, ఈసారి ఆడవాళ్ల సొంత ఆస్తిగా. మరోవైపు సారా వ్యతిరేకోద్యమం తర్వాత రాష్ట్రమంతటా పెరిగిన డ్వాక్రాలో ఆ మాట గ్రూపుగా మారిపోయింది. పొదుపు, వాయిదా, బ్యాంకు. నేను డ్వాక్రాను తిట్టడం లేదు, చాలామంది చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. కానీ గ్రూపును ఎవరూ ఊరి ఆకలి సంగతి అడగలేదు.

సంఘాన్ని అడిగారు. 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ డబ్బుతో సంఘాలు తమదైన రేషన్ వ్యవస్థ పెట్టుకున్నాయి. పద్ధతి ఇది. పడావు పడ్డ చేను బాగుచేసుకోవడానికి చిన్న రైతుకు అప్పు ఇస్తారు. ఆ అప్పును అతను జొన్నల రూపంలో కొన్నేళ్లపాటు తీరుస్తాడు. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవ ఉండి, పని దొరకని నెలల్లో బీద ఇళ్లకు చవక ధరకు వెళతాయి. ఎవరు బీద? దీన్ని తహశీల్దారు తేల్చలేదు. ఆడవాళ్లు నేలమీద రంగులతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ గుర్తుపెట్టి, లేమిని ఐదు మెట్లుగా కొలిచారు. భూమి ఎంతుంది అన్నదొక్కటే కాదు, సంపాదించే చెయ్యి ఉందా, ఒంటరి ఆడదా, ముసలితనమా, పిల్లల్ని జీతానికి పెట్టారా అన్నవన్నీ లెక్కలోకి వచ్చాయి. మన విశ్వవిద్యాలయాల్లో దారిద్ర్యరేఖ మీద ఎన్నో సెమినార్లు పెట్టుకున్నాం. ఆ ముగ్గు ముందు అవి పేలవం.

ఈ పనికి కూలి లేదు. ఇల్లు, పొలం, కూలిపని అయ్యాక రాత్రిపూట సంఘం మీటింగు. ఇది స్వచ్ఛంద సేవ కాకపోతే ఏది? నగరం నుంచి బస్సు చార్జీ తీసుకుని వెళ్లిన నేను వాలంటీర్‌ని, ఆమె లబ్ధిదారు! ఆ మాటకు తర్వాత పట్టిన గతి ఇంకా విచిత్రం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 5,000 రూపాయలు గౌరవ వేతనం ఇచ్చి నియమించిన వాళ్లకు కూడా వాలంటీర్లనే పేరు పెట్టింది.

కెమెరా కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2001లో ఏర్పడిన కమ్యూనిటీ మీడియా ట్రస్టులో పొలం పనులు చేసే దళిత స్త్రీలు వీడియో తీయడం నేర్చారు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ కెమెరా కోణాల గురించి చెప్పిన వివరణ సినిమా చదువుల్లోకి ఎక్కవలసినది. ఒక కోణం పటేల్ షాట్. ఇంకో కోణం బానిస షాట్. కళ్లకు కళ్లు సమంగా ఉంటే సంఘం షాట్. వీళ్లే వరంగల్ వెళ్లి బీటీ పత్తి రైతుల మధ్య తిరిగి 2003లో సినిమా తీశారు. 2005లో మూడు బీటీ రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి ఆగింది. సినిమా వల్లే ఆగిందని నేననను. ఊరూరా పోగైన సాక్ష్యంలో అది ఒకటి.

రేడియోది ఎదురుచూపుల కథ. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మాచునూరులో స్టూడియో 90ల చివరికే సిద్ధమైనా లైసెన్సు లేదు. కార్యక్రమాలు టేపుల్లో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు, సుమారు పదేళ్లు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది. ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్ ప్రారంభించారు. నడిపింది ఇద్దరు నర్సమ్మలు, ఒకరు 'జనరల్' నర్సమ్మ, ఒకరు ఆల్గోల్ నర్సమ్మ. అన్నట్టు, ఇక్కడి స్త్రీలను ఊరి పేరుతో పిలుస్తారు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. తండ్రి ఇంటిపేరూ కాదు, భర్త ఇంటిపేరూ కాదు. మనం ఇంటిపేర్ల గురించి చేసిన చర్చలు గుర్తొచ్చి నాకు కొంచెం సిగ్గేసింది.

మరి ఇదంతా నిష్కళంకమా? కాదు. నిధులు బయటినుంచి వచ్చాయి. ఇంగ్లీషులో మాట్లాడింది, వేదికల మీద సిద్ధాంతం చెప్పింది ఎక్కువగా చదువుకున్న వాళ్లే. స్వచ్ఛంద సంస్థలు ఉద్యమాల పదును తగ్గిస్తాయని మన పత్రికల్లో జరిగిన వాదంలో నేనూ ఒకవైపు నిలబడ్డాను, ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. భూమి ఎవరిదన్న ప్రశ్న విత్తన గంపతో తీరదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి కోసం 12,000 ఎకరాలకు పైగా సేకరించ తలపెట్టినప్పుడు అసైన్డ్ పట్టాలున్న వాళ్ల చేనులూ అందులోకి వచ్చాయి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. హైదరాబాద్ దుకాణాల్లో కొర్రల పాకెట్టు ధర చూస్తే, వాటిని కాపాడినవాళ్లు కొనుక్కోలేరు అనిపిస్తుంది.

2020 లాక్‌డౌన్‌లో ఈ సంఘాల స్త్రీలు తమ ఇళ్లలోని గింజల్లోంచి తలా కొంత తీసి ఆకలిగొన్న వాళ్ల కోసం ఇచ్చారు. జహీరాబాద్‌లో పారిశుధ్య కార్మికులకు, పోలీసులకు, ఆరోగ్య సిబ్బందికి జావ కాచి పోశారు. ఒకప్పుడు జొన్న రొట్టె తింటారని ఎగతాళి పడ్డవాళ్లు, అంటరాని చేతులని వేరే గ్లాసు పెట్టించుకున్నవాళ్లు పట్టణానికి జావ పోశారు. ఈ వార్త చదివిన రోజున నేను 98 నాటి ఫారాల నకళ్లు వెతికాను. ఒక కట్ట దొరికింది. నా దస్తూరీయే. ఇరవై రెండు ఇళ్లు, ఇరవై రెండు 'పొందిన సహాయం' గడులు. ఎవరు ఏమిచ్చారన్న గడి ఒక్కటీ లేదు.

ఈ ఏడాది నా దగ్గర ఎం.ఫిల్. రోజుల నాటి ఫారాల్లాంటి ఒక ప్రశ్నావళే తెచ్చింది ఒక పరిశోధక విద్యార్థిని, చిరుధాన్యాల మీద పనికి. మళ్లీ అదే లబ్ధిదారు గడి. పెన్సిల్‌తో కొట్టేశాను. "మరి ఏం రాయమంటారు మేడమ్?" అంది. పేరు రాయమన్నాను, ఊరి పేరుతో సహా. పక్కన రెండు గడులు పెట్టమన్నాను, తీసుకున్నది ఒకటి, పోసింది ఒకటి.